అరంగుళం పెద్దమ్మ కొలిచిన నీళ్ళు

మా నీళ్ళని మొదటిసారి చూసినవాళ్ళు అడిగేది ఒకటే. "ఏమ్మా, ఇది సముద్రమా?" నేను టికెట్టు చింపి చేతిలో పెడుతూ చెప్పేదీ ఒకటే. "కాదండీ, దిగితే మీకు మొలలోతు." వాళ్ళు నా మొహం ఒకసారి, కిటికీలోంచి నీళ్ళకేసి ఒకసారి చూస్తారు. ఈవిడకి మతి చలించిందేమో అనుకుంటారు. వాళ్ళని మాత్రం ఏమనగలం? ఎంత కళ్ళు చికిలించినా అవతలి ఒడ్డు కనపడదు. ఎటు చూసినా నీళ్ళూ ఆకాశమూ, రెంటికీ మధ్య గీత కూడా సరిగ్గా తెలియదు. అంతలో ఆ నట్టనడి నీళ్ళలో ఓ మనిషి తన పడవని వెనకనుంచి తోసుకుంటూ తాపీగా నడిచిపోతూ కనపడతాడు. ఇంకాస్త దూరంలో పొడుగు కాళ్ళ కొంగలు, వేలకు వేలు, నీళ్ళ మధ్యలో నిలబడి ఉంటాయి. ఇక బస్సు బస్సంతా ఎడంవైపు కిటికీల మీద పడుతుంది. "కూర్చోండి బాబూ, కూర్చోండి, అవెక్కడికీ పోవు" అని నేను గొంతు చించుకోవాలి.

పదహారేళ్ళుగా ఆ బస్సులో కండక్టరుని. పొద్దున ఎనిమిదింటికి పడమటి ఒడ్డున ఉన్న టౌనులో బయల్దేరి, నీళ్ళని సగం చుట్టి, పన్నెండు కావస్తుండగా తూర్పు ఒడ్డున మా అమ్మ ఉండే ఊరు చేరతాం. రెండింటికి మళ్ళీ వెనక్కి. నీళ్ళకి అడ్డంగా పోగలిగితే ఇరవై మైళ్ళే. మేము నీళ్ళు అనే అంటాం. సరస్సు అనే మాట బోర్డు మీద ఉంది, ఆఫీసు కాగితాల్లో ఉంది, మా నోళ్ళలో మాత్రం లేదు.

దాని వెడల్పు చూస్తే కళ్ళు తిరుగుతాయి, లోతు అడిగితే నవ్వొస్తుంది. అన్నిటికంటే లోతైన చోట మా బస్సుని దింపినా టాపు మీద సామాను తడవదు. అడుగంతా మెత్తటి బురద. రెండు నదులు వచ్చి కలుస్తాయి, బయటికి పోయేది ఒక్కటీ లేదు. వచ్చిన నీళ్ళు అక్కడే పడి ఉండాలి, ఎండ ఎంత తాగితే అంత తగ్గాలి. అందుకే నోట్లో పోసుకుంటే కొంచెం ఉప్పన. నేల ఎంత చదునంటే, నీళ్ళు ఒక్క అంగుళం తగ్గాయంటే ఒడ్డు ముప్పై అడుగులు వెనక్కి జరుగుతుంది. పొద్దున పచ్చగా ఉన్నవి గాలి లేచేసరికి బురద కలిసి టీ రంగుకి తిరుగుతాయి. గాలి పడిపోతే మర్నాటికి మళ్ళీ తేటపడతాయి. ఇన్నేళ్ళు ఈ దారినే తిరిగాను. చెప్పొద్దూ, ఇప్పటికీ నీళ్ళు కనపడే ఆ మలుపు తిరగ్గానే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు మా పెద్దమ్మ గురించి చెప్పాలి. నీళ్ళ గురించి చెబుతూ ఆవిడని తప్పించడం నా వల్ల కాదు. అలాగని ఆవిడని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తానని అనుకోకండి. సొంత చెల్లెలి పొట్ట కొట్టిన మనిషి ఆవిడ. ఆ చెల్లెలు మా అమ్మ.

పడమటి ఒడ్డున గేజీ చూడడం పెద్దమ్మ ఉద్యోగం. గేజీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. నీళ్ళలో పాతిన ఇనుప బద్ద, దాని మీద అడుగులూ అంగుళాలూ. ఒడ్డునుంచి దాని దాకా పొడుగాటి చెక్కల దారి. ఒడ్డున ఒక గది. గదిలో ఒక బల్ల, గోడ గడియారం, మేకుకి వానకోటు, తలుపు వెనక రబ్బరు బూట్లు, అల్మరా నిండా రిజిస్టర్లు. రోజూ పొద్దున ఆరింటికి బద్ద మీద నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, రాసి, ఆఫీసుకి ఫోను చేయాలి. ఆ అంకెని బట్టే నదుల మీది ఆనకట్టల తలుపులు ఎంత ఎత్తాలో, ఒడ్డు ఊళ్ళకి ఎప్పుడు హెచ్చరిక పంపాలో ఆఫీసువాళ్ళు తేల్చుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకే అంటే, "నీళ్ళకి ఆదివారం లేదు, నాకు మొగుడెందుకు" అనేది.

వీధిలో అందరూ ఆవిడని అరంగుళం అని పిలిచేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, అంత గుండె ఎవరికుంది? ఒకసారి వడ్రంగి ఆ రిజిస్టర్ల అల్మరాని అరంగుళం పొట్టిగా చేసుకొచ్చాడు. అతనిచేతే విప్పించి, మళ్ళీ చేయించి, అప్పుడు గానీ మంచినీళ్ళు ఇవ్వలేదు. జాకెట్లు కుట్టే ఆవిడైతే పెద్దమ్మ వీధి మొగలో కనపడగానే టేపు దాచేసేది. ఆఫీసు వాళ్ళు మాత్రం ఆవిడని కళ్ళకద్దుకునేవాళ్ళు. "ఒక్క తప్పు లేని రిజిస్టర్లు" అని పైఆఫీసు రాసిన ఉత్తరం, అద్దం కట్టించి, గడియారం కింద వేలాడదీశారు.

ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. గాలి ఉన్నప్పుడు గేజీ చూసేది కాదు. "గాలిలో నీళ్ళు ఉన్న మాట చెప్పవే, నిదానించాక అడగాలి" అనేది. గాలి ఆగేదాకా ఆ గదిలో కూర్చునేది. మధ్యాహ్నం కావచ్చు, ఒక్కోసారి మర్నాడు కావచ్చు. ఆగాక వెళ్ళి, చూసి, ఆ తేదీ ఎదురుగా అంకె వేసేది. అచ్చేసిన గడిలో టైము ఎప్పుడూ ఆరే.

మా నాన్న జ్వరంతో పోయినప్పుడు నాకు పదేళ్ళు. పెద్దమ్మ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, తూర్పు ఒడ్డు గేజీ పని అమ్మకి ఇప్పించింది. వచ్చి వారం రోజులు ఉండి నేర్పింది. ఆ మాటా చెప్పాలి కదా. అక్కడ చెక్కల దారీ లేదు, గదీ లేదు. ఒక రేకుల పాక ఉంది. అమ్మ చీర మోకాళ్ళదాకా దోపుకుని నీళ్ళలో నడిచి వెళ్ళి చూసి రావాలి. అక్క చెప్పినవన్నీ విన్నది గానీ, గాలి సంగతి మాత్రం చెవిన వేసుకోలేదు. "ఆరంటే ఆరే. పిల్లకి బడి ఉంది, నేను గాలి కోసం కూర్చుంటే అయినట్టే" అని గాలిలోనే వెళ్ళేది. అల లేచినప్పుడు ఎంత, దిగినప్పుడు ఎంత, పదిసార్లు చూసి మధ్యది రాసేది.

పదేళ్ళ పైన ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక ఇంజినీరు వచ్చి, రెండు ఒడ్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్దమ్మ అంకెలు మెల్లగా ఎక్కుతాయి, మెల్లగా దిగుతాయి. అమ్మ అంకెలు చినుకు పడకుండానే ఒక్క రోజులో అడుగు పైకి లేస్తాయి, రెండో రోజుకి దిగిపోతాయి. ఒకే నీళ్ళు, రెండు ఎత్తులు ఎలా ఉంటాయి? ఆయన పెద్దమ్మని పిలిచి అడిగాడు. ఆవిడకి తల తీసేసినట్టయింది. చెల్లెలు ఇంట్లో కూర్చుని నోటికొచ్చింది రాస్తోందనుకుంది. అడిగితే పోయేది కదా! అడగలేదు. కాగితం తీసుకుని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టింది. "తూర్పు ఒడ్డు అంకెలు నమ్మదగినవి కావు."

అమ్మని తీసేశారు. ఆ కాగితం నకలు అమ్మకి కూడా పంపారు. అక్క దస్తూరీ అమ్మకి తెలియదా? ఫోను చేసి, "నేను దొంగదాన్నా అక్కా?" అని అడిగింది. పెద్దమ్మ, "గేజీ సరిగ్గా చూడవే అంటే విన్నావా?" అంది. అమ్మ ఫోను పెట్టేసింది. నాలుగేళ్ళు మళ్ళీ ఎత్తలేదు. తుంగ చాపలు అల్లడం మొదలుపెట్టింది. వేళ్ళు పగిలి, గుడ్డ పీలికలు చుట్టుకుని అల్లేది. చాపలు అమ్ముడుపోవడం కాదు ఆవిడ బాధ. దారిలో ఎవరైనా పలకరిస్తే, "నేను రాసినవి అబద్ధాలు కావమ్మా" అని అడగకపోయినా చెప్పేది. అది వింటే నా కడుపు మండిపోయేది. అంతకుముందు బస్సు పెట్టేసి పెద్దమ్మ ఇంట్లోనే పడుకునేదాన్ని. అప్పటినుంచి డిపోలో బల్ల మీద పడుకున్నాను. ఆవిడ టిఫిను డబ్బా పట్టుకుని బస్టాండుకి వచ్చేది. నేను తల తిప్పుకునేదాన్ని.

అమ్మ చోట్లోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన అంకెలు చూసి ఆఫీసు మురిసిపోయింది. పెద్దమ్మ అంకెకీ ఆయన అంకెకీ వెంట్రుకవాసి తేడా లేదు! రోజూ పెద్దమ్మకి ఫోను చేసి, "మేడమ్, మీదెంత వచ్చింది?" అని మర్యాదగా అడిగేవాడు. "పని మీద శ్రద్ధ అంటే అదీ" అని పెద్దమ్మ మెచ్చుకునేది. నాలుగేళ్ళకి ఆయనకి ఇంకెక్కడో మంచి ఉద్యోగం దొరికి, నెల మధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళు దొరికేదాకా పది రోజులు, పడమటి గేజీ బంట్రోతుకి అప్పజెప్పి, తూర్పు ఒడ్డు చూడమని పెద్దమ్మని పంపారు. అప్పటికి ఆవిడ రిటైరవడానికి ఎనిమిది నెలలు.

ఆవిడ నా బస్సే ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది, ఆ దారికి ఉన్నది అదొక్కటే. నేను ఊరు పేరు అడిగి, టికెట్టిచ్చి, ముందుకి వెళ్ళిపోయాను. దిగేటప్పుడు, "అమ్మ బాగుందా?" అంది. "వెళ్ళి చూడు" అన్నాను. వెళ్ళలేదు. రేకుల పాకలోనే దిగింది.

మొదటిరోజు గేజీ దగ్గరికి వెళితే అంకెలు కనపడలేదట. బద్ద నిండా నాచూ, నత్తగుల్లలూ. ఏళ్ళ తరబడి మనిషి చెయ్యి పడలేదు. కత్తితో గీకి గీకి అంకెలు బయటికి తీసేసరికి పొద్దు వాలిందట. ఆ పెద్దమనిషి రోజూ ఫోనులో ఏమడిగేవాడో, ఎందుకడిగేవాడో అప్పుడు బుర్రకెక్కింది. అన్నం సయించలేదని ఆవిడే తర్వాత నాతో చెప్పింది.

నాలుగో రోజు పడమటి గాలి. ముందురోజు సాయంత్రం మొదలై, రాత్రంతా విసిరి కొట్టింది. పొద్దున నేను టౌనులో బయల్దేరేటప్పుడు ఒడ్డున నీళ్ళు లేవు. కంటికి కనపడినంత మేరా బురద, బురద మీద ఎగిరెగిరి పడుతున్న చిన్న చేపలు, వాటికోసం కాకులు. గాలి వేస్తే అక్కడ అంతే కదా, అనుకుని విజిలేశాను. పన్నెండింటికి అమ్మ ఊరు చేరితే బస్సు స్టాపు అరుగు దాకా నీళ్ళున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి వేస్తే ఇక్కడ ఇంతే కదా అనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. చూస్తే దూరంగా గేజీ పట్టుకుని, నడుం పైదాకా నీళ్ళలో పెద్దమ్మ నిలబడి ఉంది.

ఎంత కోపమున్నా పెద్దమ్మే కదండీ. చీర ఎగదోపి నీళ్ళలోకి పరిగెత్తాను. అలలు వచ్చి పొట్ట మీద కొడుతున్నాయి. "ఏంటే నీ పిచ్చి? బయటికి రా!" అని అరిచాను. ఆవిడ నావైపు తిరిగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. పొద్దున ఆరింటినుంచి అక్కడే ఉందట.

"పొద్దున రెండడుగుల పదకొండు. ఇప్పుడు చూడు. నాలుగుకి రెండంగుళాలు తక్కువ. నిన్న రెండే" అంది. "ముందు బద్ద కుంగిందనుకున్నాను. కుంగలేదే. గట్టిగానే ఉంది."

"గాలి కదా, వస్తాయి. ఇక్కడెప్పుడూ అంతే. పద."

"నువ్వు పొద్దున టౌన్లోనే బయల్దేరావుగా? అక్కడ నీళ్ళెక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి? వెనక్కి పోయాయి. నీ గేజీ బురదలో నిలబడి ఉంది."

"పోయి ఎక్కడికెళ్ళాయే?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా పెద్దమ్మ రెండు చేతులూ తన నడుం చుట్టూ తిరుగుతున్న నీళ్ళలో పెట్టింది. "ఇక్కడికి" అంది. "ముప్పై ఒక్క ఏళ్ళు అవి పోవడం చూశాను, రావడం చూశాను. ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారి అడగలేదే నేను!"

ఆ క్షణం ఎలా చెప్పను? ఇరవై మైళ్ళ నీళ్ళు. రెండు నదులు ఏడాదంతా తెచ్చి పోసిన నీళ్ళు. అవన్నీ గాలి పట్టి తోస్తే, పళ్ళెం ఒరిగినప్పటి పులుసులా, పడమర ఖాళీ చేసి ఇటు వచ్చి నిలబడ్డాయి. నేను నిలబడిన చోట, నా కాళ్ళకి తగులుతున్నది పొద్దున టౌను ఒడ్డున కనపడకుండా పోయిన నీళ్ళే. ఆ రోదలో, ఆ వెలుతురులో, నాకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియదు. చేతులెత్తబోతే అల తోసింది, బద్ద పట్టుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పటికి ఆరేళ్ళుగా పొద్దున బురద చూసి, మధ్యాహ్నం వరద చూసి, అదీ ఇదీ ఒకటేనని తట్టలేదు. ఈ నీళ్ళకి రెండు ఎత్తులుంటాయని చెప్పగలిగిన సాక్షిని నేనే, నేను టికెట్లు చింపుతూ కూర్చున్నాను.

ఆవిడ తడిబట్టలతోనే అమ్మ ఇంటికి వెళ్ళింది. వెనకాల నేను. అమ్మ గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. తలెత్తి చూసి మళ్ళీ వంచేసుకుంది.

"నువ్వు రాసినవన్నీ నిజాలే" అంది పెద్దమ్మ.

"నిజాలని నాకు తెలుసు. నాకెందుకు చెప్తున్నావు?"

"తప్పు నాదే చెల్లీ."

"ఎవరికి నా మీద రాసిచ్చావో వాళ్ళకి రాసివ్వు. కాగితం మీద పెట్టినదాన్ని నా గుమ్మంలోకొచ్చి నోటితో తుడుస్తానంటే ఎలా?"

అంత మాట అని, లోపలికెళ్ళి ఒక పొడి తువ్వాలు తెచ్చి ఆవిడ భుజం మీద పడేసి, మళ్ళీ చాప ముందు కూర్చుంది. మా అమ్మ సంగతి అంతే, ముక్కుసూటి మనిషి.

పది రోజులూ అయ్యాక తిరుగు బస్సులో పెద్దమ్మ నా సీటు పక్కన కూర్చుంది. రాసివ్వడం ఆవిడ అనుకున్నంత సులువు కాదని అప్పుడు చెప్పింది. గాలి రోజుల్లో తూర్పున నీళ్ళు పెరిగితే పడమర తగ్గాలి కదా. పడమటి రిజిస్టరులో తగ్గినట్టు ఎక్కడా లేదు. ఎందుకు లేదు? ఆవిడ ఆరింటికి చూడలేదు గనక. మధ్యాహ్నం చూసింది, మర్నాడు చూసింది, ఆరు అని రాసింది. చెల్లెల్ని దొంగని చేసిన అక్కే, ముప్పై ఒక్క ఏళ్ళు దొంగ టైము వేసిందని తేలుతుంది. "నా బతుకంతా ఆ రిజిస్టర్లేనే. అవి తప్పయితే ఇక నేనేం చేసినట్టు?" అంది. నాకు జాలి వేసింది, కాదనను. కానీ ఆ నాలుగేళ్ళ చాపలు కళ్ళముందు తిరిగాయి. "అయితే రాయవా?" అని కటువుగానే అడిగాను.

మర్నాడు సాయంత్రం గేజీ గదికి రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి అల్మరా ఖాళీగా ఉంది, రిజిస్టర్లన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. ఆఫీసునుంచి అమ్మ పాత కాగితాలు కూడా తెప్పించింది. అప్పుడొకటి చూపించింది. గాలి రోజున వేసిన ప్రతి అంకె పక్కనా సన్నటి పెన్సిలు చుక్క. ఎవరూ పెట్టమనలేదు. టైము తప్పు వేస్తున్నానని మనసు పీకి, పెట్టిందట. గాలి ఎటునుంచి వచ్చిందో ఒక్కక్షరం కూడా ఉంది. ప, తూ, ఉ, ద.

"నువ్వు మీ అమ్మ అంకెలు చదువు" అంది. బస్సు దిగిన ప్రతి సాయంత్రం నేను చదివేదాన్ని, ఆవిడ చూసుకునేది. పదకొండేళ్ళ కాగితాలు, పన్నెండు రోజులు పట్టింది. "ప" ఉన్న రోజు అమ్మ అంకె పైకి లేచింది. "తూ" ఉన్న రోజు కిందికి దిగింది. నాలుగు వందల పైచిలుకు చుక్కలు, ఒక్కటీ తప్పలేదు. చివరికి మూడు రోజుల దగ్గర ఆగాం. చుక్క ఉంది, పెనుగాలి అని కూడా ఉంది, అమ్మ అంకె మాత్రం ముందురోజు అంకే. "ఇవి మాత్రం అమ్మ వెళ్ళకుండా రాసేసిందేమో పెద్దమ్మా" అన్నాను భయపడుతూ. ఆవిడ చుక్క పక్కన అక్షరం చూసింది. మూడూ "ఉ". ఉత్తరపు గాలి. ఆ గాలికి నీళ్ళు అడ్డంగా ఒరుగుతాయి, తూర్పుకీ పడమరకీ తేడా రాదు. అంత గాలిలో, అంత అలల్లో, మోకాలిలోతులో నిలబడి మా అమ్మ "మార్పు లేదు" అని రాసింది. పెద్దమ్మ ఆ కాగితం మొహానికి ఆనించుకుని ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా నేను చూడడం అదే మొదలు. నేనూ ఏడ్చాను, ఇందులో దాచేదేముంది?

తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని, తన రిజిస్టర్లలో ప్రతి చుక్క పక్కనా "ఆరింటికి చూడలేదు" అని రాసింది. ముప్పై ఒక్క ఏళ్ళవీ. నేను సాయం చేస్తానంటే పెన్ను ఇవ్వలేదు.

ఆఫీసుకి నేనూ వెళ్ళాను, రిజిస్టర్లు మొయ్యాలి కదా. పాత ఇంజినీరు మారిపోయాడు, ఈయన కుర్రాడే, నెమ్మదస్తుడు. అన్నీ తిరగేశాడు. నీళ్ళు ఒరుగుతాయని వినగానే కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి కాసేపు నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూర్చుని, "అమ్మా, మీ చెల్లెలుగారిని ఏదో విధంగా మళ్ళీ తీసుకుందాం. ఈ ఎర్ర రాతలు మాత్రం పైకి పంపొద్దు. పంపితే మీ ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి. ఇంకెనిమిది నెలలే కదా, సన్మానం చేసి పంపుతారు" అన్నాడు.

"ఏదో విధంగా వద్దు బాబూ" అంది పెద్దమ్మ. "అది నిజం రాసింది. నేను అబద్ధం రాశాను. ఆ రెండు ముక్కలూ ఒకే కాగితం మీద ఉండాలి. నకలు దానికి పంపండి. నాలుగేళ్ళ కింద పంపారుగా, అలాగే."

పంపారు. నెలాఖరున పెద్దమ్మని పనిలోంచి తీసేశారు. సన్మానమూ లేదు, గిన్మానమూ లేదు. గదిలో అద్దం కట్టిన ఉత్తరం ఆవిడే దింపి, బంట్రోతుకి ఇచ్చేసి వచ్చింది. అమ్మకి కాగితాలు రెండు అందాయి, అక్క రాసిన నకలూ, మళ్ళీ పనిలోకి రమ్మన్న ఉత్తరమూ. నకలు రెండుసార్లు చదివింది. మడిచి జాకెట్టులో పెట్టుకుంది. మర్నాడు ఆరింటికి చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. అక్కకి ఫోను మాత్రం చేయలేదు. "చెయ్యవే" అని నేను బతిమాలితే, "నీ పని నువ్వు చూసుకో" అంది.

నేను మళ్ళీ పెద్దమ్మ ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాను. ఆవిడకి తెల్లారితే తోచేది కాదు. ఐదింటికే లేచి, తయారై, ఎక్కడికీ వెళ్ళేది లేక వంటగదిలో గిన్నెలు సర్దేది. తీసి మళ్ళీ సర్దేది. నెలన్నర అలా గడిచింది. మనిషి సగమైపోయింది. ఒక తెల్లవారుజామున గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే నాకు మెలకువ వచ్చింది. పడమటి గాలి, నాలుగేళ్ళలో అంత గాలి చూడలేదు. ఆరూ ఐదుకి పెద్దమ్మ ఫోను మోగింది. ఆవిడ పేరు చూసి, నాకేసి చూసి, భయం భయంగా ఎత్తింది. గాలి హోరులో అమ్మ గొంతు నాక్కూడా వినపడింది. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"ఇక్కడ నాలుగడుగుల రెండంగుళాలు. అక్కడెంత?"

ఆ గేజీతో ఆవిడకి ఇప్పుడు సంబంధం లేదు. ఆ మాట పెద్దమ్మ అనలేదు. "ఉండు, చూసి చెప్తాను" అని, ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండా, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తింది. అరవై ఏళ్ళ మనిషి! నేను వెనకాల శాలువా పట్టుకుని పరుగు.

ఒడ్డుకి వెళ్ళేసరికి నీళ్ళు లేవు. చెక్కల దారి కింద లేవు, గేజీ దగ్గర లేవు, దాని అవతల కేకవేసినంత దూరంలో కూడా లేవు. ఎప్పుడూ చూడని నేల బయటపడి ఉంది. బురద మీద అలలు గీసిపోయిన గీతలు, ఒక్కటి కూడా చెదరకుండా, మైలు పొడుగునా. నత్తగుల్లలు మెరుస్తున్నాయి. అంత నేల, ఆకాశం కింద ఉత్తినే పడి ఉంది. పెద్దమ్మ చెక్కల దారి చివరిదాకా వెళ్ళి, బురదలోకి దిగి, గేజీ మొదట్లో కూర్చుని, చేత్తో తడిమింది. సున్నా గీత కింద కూడా పొడిగా ఉంది.

"ఏమైంది? ఉన్నావా?" అంది అమ్మ ఫోనులో.

"ఇక్కడేం లేవే" అంది పెద్దమ్మ. "అన్నీ నీ దగ్గరే ఉన్నాయి."



"సరేలే అక్కా, సాయంత్రానికి పంపిస్తాను" అంది అమ్మ. "అందాకా ఆ బురదలో కూర్చోకు, ఇంటికెళ్ళి ఏమైనా తిను."